36 అడుగుల లోతు, గట్టు మీద మోటారు: నీళ్లు ఎక్కడంలా

మామిడితోట: ఉలవపాడు దగ్గర బావి. ఎండలకి నీళ్లు 36 అడుగులకి దిగాయి. గట్టు మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ కలిసున్నది). ఫుట్‌వాల్వు (పైపు కింది చివర నీళ్లు జారిపోకుండా పట్టే మూత) కొత్తదే. మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావడంలా. 7.5 పెడితే లాగుద్దా అన్నా?

పాదరసం: 50 పెట్టినా అంతే తమ్ముడూ. ఇంపెల్లర్, అంటే పంపులో తిరిగే రెక్కల చక్రం, తన నోటి దగ్గర పీడనం తగ్గిస్తుందంతే. నీళ్లను పైకి నెట్టేది బావిలో నీటి మీదున్న గాలి బరువు. 1644లో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి పాదరసం నింపిన తన గాజుగొట్టం గురించి రాసింది ఇదే. గాలి మోయగలిగేది 760 మి.మీ. పాదరసం, అంటే 10.3 మీటర్ల నీళ్లు, 34 అడుగులు. పైన పూర్తి శూన్యం ఉన్నా అంతకు మించదు.

ఆ 34 కూడా కాగితం మీదే. పీడనం బాగా పడితే నీళ్లు వేడెక్కకుండానే ఆవిరి బుడగలు కడతాయి. అవి ఇంపెల్లర్లో చితికి లోహాన్ని కొరుకుతాయి, కంకర పోసినట్టు చప్పుడొస్తుంది. 20 అడుగులు దాటనీయొద్దు.

గ్లాండు: మోటారుని బావిలో అరుగు కట్టి దించు, నీటికి 15 అడుగుల లోపు. సక్షన్ పైపు (నీళ్లు లాగేది) డెలివరీ (బయటికి పంపేది) కన్నా ఒక సైజు పెద్దదెయ్యి. సక్షన్ వైపు వాక్యూమ్ గేజ్ (పీడనం ఎంత తగ్గిందో చూపే మీటరు) బిగించు. 500 మి.మీ. పాదరసం చూపిస్తే, పైపు రాపిడితో కలిపి 22 అడుగుల భారం. ఆపాక పైపులో నీళ్లు కిందికి జారిపోతుంటే ఫుట్‌వాల్వో జాయింటో కారుతున్నట్టే.

నీళ్లు ఇంకా దిగేట్టుంటే సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగుండే పంపు) వేసెయ్. అది కిందనుంచి నెడుతుంది, దానికి ఈ 34 అడుగుల గొడవ లేదు.