అప్‌డేట్: చీవ్‌నింగ్‌కు నా పని అనుభవం సరిపోయింది

డిగ్రీ తర్వాత ఏడాది పైచిలుకు ఉద్యోగంతో బ్రిటన్‌లో పీజీ చదవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటుందా అని ఆమధ్య అడిగాను కదా. ఉంటుంది! వాళ్లు చూసేది 2,800 గంటల పని. అది ఒకేచోట, వరుసగా చేసినదే కానక్కర్లేదు. జీతం లేని స్వచ్ఛంద సేవ కూడా లెక్కలోకి వస్తుంది. సాయంత్రాలు మా ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన గంటలు కలిపి గట్టెక్కాను. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది!

నాయకత్వం మీద రాసే వ్యాసానికే ఎక్కువ సమయం కేటాయించండి. బడికి మంచినీటి ట్యాంకు కోసం పంచాయతీలో ఎవరెవరు అడ్డుచెప్పారో, వాళ్లను ఎలా ఒప్పించానో పూసగుచ్చినట్టు రాశాను. పెద్ద పెద్ద మాటలకన్నా అలాంటి ఒక్క సంఘటనే బలం.

చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, నాకది సంతోషమే. విశ్వవిద్యాలయాలకు మాత్రం విడిగా దరఖాస్తు చేసుకోవాలి.