టెర్రేరియంలో మొక్కలకు నీళ్లు పోస్తే తేమ ఎక్కువవుతోంది, ఆపితే ఎండిపోతున్నాయి: మీ అనుభవాలు చెప్పండి

క్రెస్టీ_మారతహళ్లి:
అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇంట్లో క్రెస్టెడ్ గెకో (పెంపుడు బల్లి) ఉంది. దాని టెర్రేరియం, అంటే మొక్కలు నాటిన గాజు ట్యాంక్, అడుగు 45×45 సెం.మీ., ఎత్తు 60. పైన జాలీ మూత. లోపల మనీ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, వెనక గోడకు పాకించిన క్రీపింగ్ ఫిగ్, ఓ మూల స్నేక్ ప్లాంట్. కింద అంతా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు).

బల్లికి తేమ కావాలని పొద్దునా సాయంత్రం స్ప్రే కొడుతుంటే మట్టి ఎప్పుడూ చిత్తడిగానే ఉంటోంది. మనీ ప్లాంట్ కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. స్నేక్ ప్లాంట్ మొదలు మెత్తబడింది. సరే అని స్ప్రే తగ్గిస్తే మధ్యాహ్నానికి హ్యుమిడిటీ (గాలిలో తేమ) 35 శాతానికి పడిపోతోంది, ఫెర్న్ కొసలు మాడుతున్నాయి. మార్చిలో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే కదా. మొక్కను చూసుకుంటే బల్లికి ఇబ్బంది, బల్లిని చూసుకుంటే మొక్కకు ఇబ్బంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

మట్టివాసన:
ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మొక్కకు నీళ్లు కావాల్సింది వేరు దగ్గర. బల్లికి తేమ కావాల్సింది గాలిలో, తాగడానికి చుక్కలు కావాల్సింది ఆకుల మీద. ఈ మూడు పనులూ ఒకే స్ప్రే బాటిల్‌తో చేయబోతే ఏదో ఒకటి చెడుతుంది. నా ట్యాంకుల్లో నీళ్లు పోయడం వేరు, స్ప్రే కొట్టడం వేరు. రెండింటికీ వేర్వేరు బాటిళ్లు, వేర్వేరు రోజులు.

మట్టి పైన చూసి తడి అంచనా వేయకండి. కోకోపీట్ పైపొర గంటల్లో ఆరిపోయి లేత గోధుమ రంగుకు వస్తుంది, అడుగున మాత్రం పిండితే నీళ్లు కారేటట్టు ఉంటుంది. నేను చేసేది ఇదీ: ఒక చీపురుపుల్లను గాజు మూలన అడుగు తగిలేదాకా గుచ్చి, పది నిమిషాలు వదిలేసి తీస్తాను. పుల్ల ఎంతమేర నల్లగా తడిసిందో, ఎక్కడ పొడిగా ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. అడుగున మూడో వంతు మాత్రమే తడి ఉండి, పైన రెండు వంతులు పొడిగా వస్తేనే నీళ్లు. లేదంటే ఆకులు కాస్త వాడినట్టు కనిపించినా పోయను. మట్టి తడిగా ఉండగా ఆకు వాడుతోందంటే దాహం కాదు, వేరుకుళ్లు మొదలైందని అర్థం. ఆ సమయంలో ఇంకా పోస్తే మొక్క దక్కదు.

పోసేటప్పుడు 50 మి.లీ. సిరంజికి అక్వేరియం గొట్టం ముక్క తగిలించి, ఒక్కో మొక్క మొదట్లో నెమ్మదిగా వదలండి. ఫెర్న్‌కు ఎక్కువ, మనీ ప్లాంట్‌కు దానిలో సగం. స్నేక్ ప్లాంట్‌కు అసలు వద్దు, పక్క మట్టి నుంచి చేరేదే దానికి ఎక్కువ. నిజానికి స్నేక్ ప్లాంట్, ఫెర్న్ ఒకే మట్టిలో ఉండాల్సిన మొక్కలు కావు. దాన్ని తీసి చిన్న కుండీలో పెట్టి, ఆ కుండీనే ట్యాంక్‌లో దించండి.

ఇంకోటి, ఒట్టి కోకోపీట్ వద్దు. అది నీళ్లు పట్టుకున్నంతగా వదలదు. నేను సగం కోకోపీట్‌కు మిగతా సగం ఆర్కిడ్లకు వాడే చెక్క బెరడు, చిన్న బొగ్గు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలుపుతాను. వేర్లకు గాలి ఆడుతుంది.

క్రెస్టీ_మారతహళ్లి:
చాలా థ్యాంక్స్ అక్కా. పుల్ల ఇప్పుడే గుచ్చి చూశాను, పైదాకా తడే. ఇంకో సందేహం. నీళ్లు తగ్గిస్తే గాలిలో తేమ ఎక్కడినుంచి వస్తుంది మరి?

మట్టివాసన:
మూత నుంచి. జాలీ మూత మీద మూడింట రెండు వంతులు గాజు పలకతో కప్పేయండి. గాజు కొట్టులో కొలత చెబితే కోసి, అంచులు అరగదీసి ఇస్తారు. మిగిలిన వంతు తెరిచే ఉంచాలి, అది మూయకూడదు. పొడి నెలల్లో మీరు చేస్తున్న స్ప్రేలో చాలా భాగం పైనుంచే పోతోంది. వాన నెలల్లో పలక తీసేయండి.

స్ప్రే కూడా సాయంత్రం ఒక్కసారి గట్టిగా, ఆకుల మీద, గోడల మీద. క్రెస్టెడ్ గెకో రాత్రిపూట తిరిగే జీవి, లైటు ఆరాక ఆకుల మీది చుక్కలు నాకి తాగుతుంది. ఆ సమయంలో 80 దాకా ఎక్కనివ్వండి. మర్నాడు మధ్యాహ్నానికి 50 దగ్గరికి దిగాలి. దిగడం కూడా అంతే ముఖ్యం, 24 గంటలూ 80 మీదే ఉంచితే మట్టి మీద బూజు, బల్లికి చర్మం జబ్బులు.

ఉక్కపోత_చెన్నై:
మాది వేళచ్చేరి. మీ కష్టం చదువుతుంటే మాకు సరిగ్గా తలకిందులుగా ఉందనిపిస్తోంది. చెన్నైలో తేమ కొరత ఉండదు, గాలి ఆడకపోవడమే బెడద. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో స్ప్రే ముట్టుకోకపోయినా మీటరు 80 కిందికి రాదు. గాజు మీద పొద్దున కట్టిన ఆవిరి మధ్యాహ్నం దాకా పోకపోతే గాలి చాలట్లేదని గుర్తు.

మాకు పనిచేసినది చిన్న కంప్యూటర్ ఫ్యాన్. 12 వోల్టులది, మూత మీద జాలీకి బిగించి, లోపలి గాలిని బయటికి లాగేటట్టు పెట్టాం. లోపలికి ఊదేటట్టు పెడితే ఆ గాలి నేరుగా బల్లి మీద, లేత ఆకుల మీద పడుతుంది. టైమర్‌తో గంటకు కొద్దిసేపు తిరిగితే చాలు. వానాకాలంలో బల్లి తాగడానికి రెండు మూడు ఆకుల మీద మాత్రం చుక్కలు చల్లి, మట్టి జోలికి వెళ్లం.

ఎండాకాలం ఇంకో కథ. క్రెస్టెడ్ గెకో 28 డిగ్రీలు దాటితే తట్టుకోదు, కాబట్టి అగ్ని నక్షత్రం (మే నెల మండుటెండల) రోజుల్లో ఆ గదిలో ఏసీ తప్పదు. ఏసీ వేస్తే గదిలో తేమ లాగేస్తుంది. బయట ఉక్కపోత, లోపల ఫెర్న్ కొసలు ఎండటం, రెండూ ఒకే రోజు చూడొచ్చు. చెన్నై కదా తేమ ఉంటుందిలే అనుకోకుండా ఏసీ వేసిన రోజుల్లో మీటరు చూడండి.

కుబుసం:
పాముల సంగతి కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మాది బాల్ పైథాన్, కేఆర్ పురం. దానికి మామూలు రోజుల్లో 55 నుంచి 70, కుబుసం విడిచే రోజుల్లో కాస్త ఎక్కువ. కళ్లు పాలరంగుకు మారగానే పెంచుతాం. తేమ చాలకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, తోక కొసన, కళ్ల మీద మిగిలిపోతుంది.

కానీ తేమ గాలిలో ఉండాలి, పొట్ట కింద కాదు. పాము రోజంతా నేలకు ఆనుకునే ఉంటుంది. మట్టి తడిగా ఉంటే పొట్ట పొలుసులు ఎర్రబడి పొక్కులు వస్తాయి. అందుకే నేలలో మొక్కలు నాటలేదు. బరువైన మట్టికుండీల్లో మనీ ప్లాంట్ పెట్టి, కుండీలోనే నీళ్లు పోస్తాం. పాము కుండీ మీదుగా పాకినా దొర్లదు. కుండీ మట్టి నుంచి, ఆకుల నుంచి వచ్చే ఆవిరితోనే తేమ చాలావరకు నిలబడుతుంది, నేల పొడిగా ఉంటుంది. పాము నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా ఆలస్యం చేయకుండా సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో వైద్యం వద్దు.

కొత్తగా పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట. మన దేశపు నక్షత్ర తాబేలు, ఊసరవెల్లి, ఉడుము లాంటివి ఇంట్లో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్‌లా సైట్స్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవులను 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొనేముందే మీ జీవి ఏ జాబితాలో ఉందో చూసుకోండి.

క్రెస్టీ_మారతహళ్లి:
నా దగ్గర రెండు మీటర్లున్నాయి. ఒకటి ముల్లుది, ఒకటి డిజిటల్. పక్కపక్కనే పెడితే 20 తేడా చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

లెక్కల_మాస్టారు:
ముల్లుది పక్కన పెట్టేయండి. డిజిటల్‌ది కూడా ఒకసారి ఉప్పుతో సరిచూసుకోండి. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరగకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతను, మీటరును కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున మీటరు 75 చూపించాలి. తడిపిన ఉప్పు (సోడియం క్లోరైడ్) మీది గాలిలో తేమ మామూలు గది వేడిలో ఎప్పుడూ 75 దగ్గరే నిలుస్తుంది. మీ మీటరు 69 చూపిస్తే ఇకపై 6 కలుపుకుని చదవండి.

ఇంకో ముఖ్య విషయం. ఆ శాతం వేడిని బట్టి మారుతుంది. 24 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలినే 28కి వేడెక్కిస్తే, ఒక్క చుక్క నీరు బయటికి పోకపోయినా 63 చూపిస్తుంది. మధ్యాహ్నం లైటు వేడికి మీటరు పడిపోయిందని వెంటనే స్ప్రే తీయకండి. సాయంత్రం చల్లబడ్డాక అదే పైకి వస్తుంది. మీ మట్టి చిత్తడి కావడానికి ఈ మధ్యాహ్నపు టెన్షన్ కూడా ఒక కారణం కావచ్చు. మీటరును లైటు కింద కాకుండా, మట్టికి ఆనకుండా, బల్లి ఎక్కువగా కూర్చునే ఎత్తులో పెట్టండి.

బోరునీళ్లు:
నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే, ట్యాంకర్ వచ్చినా బోరుదే. దాంతో స్ప్రే కొడితే వారం తిరిగేసరికి గాజు మీద, ఆకుల మీద తెల్లటి మచ్చలు. ఆ సున్నపు పొర ఆకు మీద పేరుకుంటే వెలుతురు కూడా సరిగ్గా అందదు. స్ప్రేకు ఆర్ఓ నీళ్లు వాడటం మొదలుపెట్టాక ఆ బాధ లేదు. వేర్లకు మాత్రం కావేరి నీళ్లు వస్తే అవే పోస్తాం.

అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఆ యంత్రం సున్నం తీసేసి దాని బదులు సోడియం పెడుతుంది. చేతికి మెత్తగా ఉన్నా మొక్క వేరుకు మంచిది కాదు, మూసిన ట్యాంక్‌లో ఉప్పు బయటికి పోయే దారి ఉండదు. చెన్నైలో ఉప్పు బోర్ల దగ్గరుండేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఏసీ నుంచి కారే నీళ్లు పోయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. లోపలి కాయిల్ మీది దుమ్ము, బ్యాక్టీరియా అందులోకి వస్తాయి. బల్లి నాకే ఆకుల మీద అవి వద్దు.

సిద్దాపుర_నర్సరీ_తిరుగుబోతు:
నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను ఆ రోజే ట్యాంక్‌లో పెట్టకండి దయచేసి. లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీల్లో ఫెర్న్‌లు, ఫిగ్‌లు బాగా దొరుకుతాయి, నేనూ అక్కడే తెస్తాను. కానీ ఎక్కడ కొన్నా మందు కొట్టి ఉండొచ్చు. కొన్ని మందులు మొక్క రసంలోకి చేరి ఆకులోనే ఉంటాయి, కడిగినా పోవు. పాత మట్టి మొత్తం దులిపి, వేర్లు కడిగి, కొత్త మట్టిలో కొన్ని వారాలు బయటే పెంచి, కొత్త ఆకులు వచ్చాక లోపలికి మార్చండి. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్లు అనే చిన్న పురుగులను వదిలినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. బూజును తిని నేలను శుభ్రంగా ఉంచేవి అవే, మందుకు ముందు చచ్చేవీ అవే.

ఉక్కపోత_చెన్నై:
ట్యాంక్ అడుగున నీళ్లు చేరితే ఏం చేస్తున్నారు మీరంతా? మాకు ఆ మధ్య కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది.

మట్టివాసన:
గాలి అందని నీళ్లు అడుగున నిలిస్తే ఆ వాసనే వస్తుంది. అడుగున ఒకటిన్నర, రెండు అంగుళాలు లేకా బాల్స్ (కాల్చిన బంకమట్టి గుళికలు) పోసి, వాటి మీద సన్న నైలాన్ జాలీ పరిచి, ఆపైన మట్టి వేయాలి. పోసేటప్పుడే ఒక మూల పీవీసీ గొట్టం ముక్క నిలువుగా నాటి, దాని పై కొస మట్టి పైకి వచ్చేలా ఉంచండి. అదే మీకు బావి. సిరంజి గొట్టం అందులోకి దించి, చేరిన నీళ్లు లాగేయొచ్చు. నీటిమట్టం జాలీని తాకకూడదు, తాకితే మట్టి ఒత్తిలా నీళ్లు పైకి పీల్చుకుంటుంది.

ఆ గొట్టం పై కొసకు కూడా ఒక జాలీ ముక్క కట్టండి. నిలిచిన నీళ్లలో ఏడిస్ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. డెంగీ ఊళ్లలో ఉంటున్నాం. బ్రోమిలియాడ్ (ఆకుల నడుమ నీళ్లు నిలిచే మొక్క) పెంచేవాళ్లు దాని నడిమి గిన్నెలో నీళ్లు వారానికోసారి ఒంపేసి కొత్తవి పోయండి.

క్రెస్టీ_మారతహళ్లి:
ఈ ఆదివారం మొత్తం తీసి లేకా బాల్స్‌తో మళ్లీ కడతాను. ఆఖరి ప్రశ్న. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? మాది ఒంగోలు, వెళ్తే వారం పడుతుంది.

కుబుసం:
పక్కింటివాళ్లకు చెప్పేటప్పుడు ‘మొక్కలకు నీళ్లు పోయండి’ అనే మాటే అనకండి. ప్రేమకొద్దీ చెంబెడు పోసేస్తారు. స్ప్రే బాటిల్ మీద మార్కర్‌తో గీతలు గీసి, సాయంత్రానికి ఒక గీత అని చెప్పండి.

మట్టివాసన:
అవును. వెళ్లే ముందు రోజు పుల్ల గుచ్చి చూసి, అవసరమైతే వేర్లకు మీరే పోసేయండి, వారం దాకా మట్టికి ఏమీ అక్కర్లేదు. బల్లికి పొడి తిండి నీళ్లలో కలిపి పెడతారు కదా, అది పాడవకముందే మార్చడం నేర్పించండి. జనవరి రాత్రుల్లో బెంగళూరు 15, 16కి దిగుతుంది. చలిలో తడి మంచిది కాదు. అందుకని స్ప్రే పొద్దుపోయాక కాకుండా ఆరు గంటలకల్లా కొట్టమనండి, అదీ మామూలులో సగం. మూత మీది గాజు పలకను మాత్రం ఎవరినీ ముట్టుకోవద్దనండి.