జీరో షాడో డే కార్యక్రమానికి కొలతల సాయం కావాలి

మే 9న మధ్యాహ్నం 12:12 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు, నిటారు కర్రకు నీడ పడదు; జీరో షాడో డే అంటే ఇదే. సైన్స్ సెంటర్ ఆవరణలో 40 మంది హైస్కూల్ పిల్లలతో నీడ కొలిపించాలని ప్లాన్. అదే రోజు 12:16కి బెంగళూరులో ఇంకో బృందం కొలుస్తుంది. అక్షాంశాల తేడా దాదాపు 4.4 డిగ్రీలు, ఉత్తర దక్షిణ దూరం సుమారు 490 కిలోమీటర్లు. మీటరు కర్రకు అక్కడ 77 మిల్లీమీటర్ల నీడ దక్షిణం వైపు పడాలి. దాన్నుంచి భూమి చుట్టుకొలత లెక్క కట్టించాలి. విజయవాడను ఎందుకు తీసుకోలేదంటే, అక్కడ నీడ 15 మిల్లీమీటర్లే, పొరపాటులోనే కలిసిపోతుంది.

చిక్కు రెండు చోట్ల ఉంది. కర్ర ఒక్క డిగ్రీ వాలినా నీడ 17 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే లెక్క అయిదో వంతు పైగా తప్పుతుంది. రసమట్టం పెట్టినా పీవీసీ పైపు ఎండకు వంగుతుంది. ఇనుప కడ్డీకి పునాదిగా సిమెంటు దిమ్మె సరిపోతుందా, లేక కర్ర మానేసి దారానికి తూకంగుండు వేలాడదీయడమే మేలా? గాలికి ఊగకుండా గుండును నీళ్ల బకెట్లో ముంచితే నీడ ఎక్కడ గుర్తించాలి?

రెండోది, సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి మీటరు ఎత్తునుంచి పడే నీడ అంచు 9 మిల్లీమీటర్ల మేర మసకగా ఉంటుంది. పిల్లలు తలొక చోట గీత గీస్తారు. పైన రేకు బిగించి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, కింద పడే వెలుగు చుక్క మధ్యను గుర్తించడం ఎవరైనా చేయించారా? ఎంత తేడాలో వచ్చింది?

మబ్బు పట్టేలా ఉంటే ముందురోజో మర్నాడో కొలవచ్చు, దానికి దిగులు లేదు.