క్రీమ్ అంటే మీగడేనా?

మొన్న ఇక్కడ ఒక చెల్లి విప్పింగ్ క్రీమ్‌కి (నురగ వచ్చేలా గిలక్కొట్టి కేకు మీద పూసే క్రీమ్) తెలుగు మాట అడిగితే, నలుగురైదుగురు వెంటనే 'మీగడ' అని రాశారు. నేను ఒప్పుకోను. ఒకప్పుడు నేనూ అలాగే ఒక కేకు వంటకం తెలుగు చేస్తూ 'మీగడను నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి' అని రాశాను. విజయనగరంలో మా వదిన అది చదివి, గేదెపాల మీగడ తీసి అరగంట గిలక్కొట్టింది. వెన్న పడింది. తప్పు ఆవిడది కాదు, నేను వాడిన మాటది.

పచ్చిపాలను కదపకుండా ఉంచితే కొవ్వు పైకి తేలుతుంది. 1878లో స్వీడన్‌లో గుస్తాఫ్ డి లావాల్ చేసిన యంత్రం పాలను గిర్రున తిప్పి అదే పని చిటికెలో చేసింది. అలా వేరుచేసింది క్రీమ్, పోస్తే జారుతుంది. మన మీగడ పాలు కాగాక కట్టేది. కొవ్వుతో పాటు వేడికి గడ్డకట్టిన మాంసకృత్తులూ ఉంటాయి కాబట్టే వేలితో ఎత్తితే పొరలా వస్తుంది. పలచగా ఉన్నప్పుడు మా ఇంట్లో దాన్ని తరక అంటాం. అమ్మమ్మ దాలిలో పిడకల సెగ మీద సాయంత్రం దాకా కాగిన పాల మీద ఎర్రగా, మందంగా కట్టేదాన్ని మాత్రం ఆవిడ ఎప్పుడూ తరక అనలేదు, అది మీగడే. పెరుగు మీద కట్టేది మళ్లీ వేరు. కాస్త పుల్లగా ఉంటుంది, వెన్న కోసం కూడబెట్టేది దాన్నే.

మనం ఎలా కట్టిందో చూసి పేరు పెట్టాం. ఇంగ్లీషు వాళ్లు ఎక్కువగా కొవ్వు లెక్కన పెట్టారు. బ్రిటన్‌లో సింగిల్ క్రీమ్ అంటే కనీసం 18 శాతం, డబుల్ అంటే 48. నురగ నిలవాలంటే 30 అయినా ఉండాలి. మన షాపుల్లో ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ మీద చూడండి, చాలావాటిలో 25 శాతమే. కూరలోకి బాగుంటుంది, కేకు మీద నిలబడదు.

మన మీగడకి నిజమైన చుట్టం క్లాటెడ్ క్రీమ్. ఇంగ్లండ్‌లో డెవన్, కార్న్‌వాల్ వాళ్లు సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉంచి, చల్లార్చి, పైన కట్టింది తీస్తారు. కొవ్వు 55 శాతానికి తగ్గదు. దాన్ని మీగడ అని రాస్తే నాకు సంతోషం.

కింద కామెంట్లలో ఒక రాజాం అన్నయ్య సోర్ క్రీమ్ (పులిసిన క్రీమ్) సంగతి అడిగారు. పెరుగు మీగడ దానికి దగ్గరే అన్నయ్యా, అయితే దానికి క్రీమ్‌నే తోడుపెడతారు. విప్పింగ్ క్రీమ్‌ని మాత్రం ఆ ఇంగ్లీషు పేరుతోనే ఉంచేద్దాం.

శ్రీకాకుళం వైపు తరకకి వేరే మాట ఉందా? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి.