గేర్లు ఇంట్లో సెట్ చేసుకోవడం తెలివా, తలనొప్పా?

రెండో_గేరు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. నాది ముందు 3, వెనక 7 గేర్ల హైబ్రిడ్ సైకిల్, ఐదేళ్ళ పాతది. వెనక షిఫ్టర్‌లో క్లిక్ పోయింది, లివర్ నొక్కితే బురదలో కాలు పెట్టినట్టు దిగబడటమే తప్ప గేరు మారదు. పోయిన నెల షాపులో ఇచ్చి కొత్త షిఫ్టర్, కొత్త వైరు వేయించాను. సామాను కాక మజూరీ 500. ఇంటికొచ్చేలోపే నాలుగు నుంచి మూడుకి పడటం మానేసింది, టకటకమంటూ రెంటి మధ్య ఊగుతుంది. మళ్ళీ తీసుకెళ్తే నిలబడ్డపాటునే ఏవో రెండు స్క్రూలు తిప్పి "అయిపోయింది సార్" అన్నారు. మర్నాడు ఫ్లైఓవర్ ఎక్కుతూ వెనక పళ్ళ చక్రాల్లో అన్నిటికంటే పెద్దదానికి వేస్తే చైను దాన్ని దాటి పుల్లల వైపు పోయింది. పక్కన గోడ ఉంది కాబట్టి పట్టుకుని నిలబడ్డాను.

అసలు ఇది ఇంట్లో చేసుకునే పనేనా? వీడియో చూస్తే అరగంట పని అంటాడు మా బావమరిది. మా ఆవిడేమో "మిక్సీ విప్పినప్పుడు కూడా ఇలాగే అన్నావు" అంటోంది.

సింహాచలం_ఘాట్ (విశాఖ)

ఇంట్లోనే చేసుకోండి, ఇందులో రెండో మాట లేదు. 5 మిల్లీమీటర్ల అలెన్ కీ, మంచి ప్లస్ స్క్రూ డ్రైవర్, పదునైన కేబుల్ కట్టర్ ఉంటే చాలు. మీ షాపులో చేసిన తప్పు ఏమిటంటే లిమిట్ స్క్రూలు తిప్పారు. ఆ రెండింటికీ మధ్య గేర్లకీ సంబంధమే లేదు. హెచ్ అని రాసి ఉన్నది చైను చిన్న చక్రం దాటి ఫ్రేమ్ వైపు పోకుండా, ఎల్ అని ఉన్నది పెద్ద చక్రం దాటి పుల్లల్లో పడకుండా ఆపే గడియలు, అంతే. ఎల్ వదులు చేశారు కాబట్టే మీకు గోడ దిక్కయింది. చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి నెట్టే డిరైలర్ గనక పుల్లల్లో ఇరుక్కుంటే డిరైలర్, వెనక చక్రం రెండూ పోతాయి.

మూడు నాలుగు మధ్య గొడవ వైరు టెన్షన్‌ది. డిరైలర్‌లోకి వైరు దూరే చోట వేళ్ళతో తిప్పే బారెల్ ఉంటుంది. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి బద్ధకిస్తే వైరు లూజని అర్థం, సైకిల్ వెనక నిలబడి చూస్తూ బారెల్‌ని గడియారం ముళ్ళకి ఎదురు దిశలో పావు తిప్పు తిప్పండి, పెడల్ తిప్పి చూడండి, మళ్ళీ పావు. ఒకేసారి రెండు చుట్లు తిప్పేసి "ఏం మారలేదు" అనేవాళ్ళే ఎక్కువ.

పానా_పట్టినోడు (విజయవాడ)

ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నానండి, నేనూ ఒక మాట చెప్తాను. ఇంట్లో "కొంచెం తిప్పి చూశాం" అని తెచ్చిన సైకిళ్ళతోనే నా ఆదివారాలు గడిచిపోతాయి. స్క్రూ తలలు తినేసి ఉంటాయి. గేర్ల కంపెనీ షిమానో స్క్రూల తలలు జపాన్ కొలతవి, మామూలు ప్లస్ డ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి గాడి అరిగిపోతుంది. వైరేమో కూరగాయలు కోసే కత్తెరతో కోస్తారు, చివర చీపురులా విచ్చుకుంటుంది, మళ్ళీ అవుటర్‌లోకి, అంటే వైరు మీది గొట్టంలోకి, ఎక్కదు.

ఇంకోటి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. వైరుతో పాటు అవుటర్ కూడా మార్చాలి అంటే పదిలో ఎనిమిది మంది "అది బాగానే ఉందిగా, వైరొక్కటే వెయ్యి" అంటారు. లోపల దుమ్ము, తుప్పు పట్టిన అవుటర్‌లో కొత్త వైరు వేస్తే మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత తిట్లు నాకు. రెండో_గేరు గారూ, మీ అవుటర్ మార్చారా? మార్చితే ఏది వేశారు?

గండిపేట_గాలి

మా నాన్న పాత రేసింగ్ సైకిలుకి క్లిక్కులే లేవు, కింది గొట్టం మీద రెండు లివర్లు, చెవితో విని గేరు వేసేవాడు. 1984లో షిమానోవాళ్ళు ఎస్ఐఎస్ అని క్లిక్కుల షిఫ్టర్ తెచ్చాక మొదలైంది ఈ తంటా అంతా. క్లిక్కుల్లేని ఆ ఫ్రిక్షన్ లివర్ పెట్టేసుకోండి, జీవితంలో ట్యూనింగ్ అక్కర్లేదు.

సింహాచలం_ఘాట్ (విశాఖ)

అన్నా, ఘాట్ రోడ్డు మీద ఒక చేయి కింది గొట్టం మీద పెట్టి చెవితో వింటూ ఎక్కమంటావా? నువ్వు ముందు ఎక్కి చూపించు.

డాలస్_గేరు

ఇక్కడ షాపు మజూరీ చూసి గుండె జారి నేనే నేర్చుకున్నాను, కాబట్టి నా ఓటు ఇంటికే. కానీ పానా గారు అడిగిన ప్రశ్న అసలైనది. ఒక్కసారి లెక్క చూడండి. పాత షిమానో పద్ధతిలో వైరు 1 మిల్లీమీటరు లాగితే డిరైలర్ 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. 7 గేర్ల చక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో క్లిక్కుకి షిఫ్టర్ లాగేది దాదాపు 2.9 మిల్లీమీటర్లే. అందులో అవుటర్ అర మిల్లీమీటరు కుంగిందంటే చైను దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు పైనే పక్కకి నిలబడుతుంది. టకటక అదే.

ఇప్పుడు బ్రేక్ అవుటర్‌లో ఇనుప రేకు స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది, వంగినప్పుడల్లా, లాగినప్పుడల్లా దాని పొడవు కొంచెం మారుతుంది. గేర్ అవుటర్‌లో తీగలు నిలువుగా వరసగా ఉంటాయి, అందుకే కుంగదు. గేర్లకి బ్రేక్ అవుటర్ వేస్తే సతాయిస్తుంది, ప్రాణం మీదికి రాదు. ఉల్టా మాత్రం ఎప్పుడూ చేయకండి, బ్రేకుకి గేర్ అవుటర్ వేస్తే గట్టిగా పట్టినప్పుడు ఆ నిలువు తీగలు పక్కకి చీలిపోతాయి, బ్రేకే ఉండదు.

అన్నట్టు "కొత్త వైరు సాగుతుంది" అనేది సగం అబద్ధం. స్టీల్ వైరు అంతగా సాగదు, అవుటర్ చివరలు, వాటి టోపీలు సర్దుకుని కూర్చుంటాయి. అందుకే బిగించాక వైరుని చేత్తో రెండు మూడుసార్లు గట్టిగా లాగి, మళ్ళీ బోల్టు విప్పి బిగిస్తే వారం తర్వాత వచ్చే తేడా ఇప్పుడే వచ్చేస్తుంది.

రెండో_గేరు (హైదరాబాద్)

పానా గారూ, మీరు అడిగారని వెనక ఆ చిన్న వంపు ముక్క పీకి కొస చూశాను. లోపల స్ప్రింగు లాంటి చుట్టలే ఉన్నాయి. నేను కొత్త షిఫ్టర్‌కి డబ్బులిచ్చాను, వాళ్ళు పక్కన పడున్న బ్రేక్ అవుటర్ ముక్క పెట్టారు. అడిగితే "రెండూ ఒకటే సార్" అన్నారు.

పానా_పట్టినోడు (విజయవాడ)

రెండూ ఒకటి కాదండి. ఆ మాట అన్నవాడు పని నేర్చుకోవాల్సిందే, అక్కడ మీ తరఫునే నేను. గేర్‌ది 4 మిల్లీమీటర్ల లావు, బ్రేక్‌ది 5. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

రెండో_గేరు (హైదరాబాద్)

శనివారం రాత్రి కూర్చున్నాను. స్టాండు లేదు, బాల్కనీలో బట్టలారేసే ఇనుప రాడ్డుకి తాడు వేసి సీటు దగ్గర వేలాడదీశాను. పెడల్ తిప్పే బాధ్యత మా ఆవిడది. వైరు మొత్తం విప్పేసి, చైను చిన్న చక్రం మీద ఉంచి ముందు హెచ్ సెట్ చేశాను, డిరైలర్‌లోని పై చిన్న కప్పీ సరిగ్గా చిన్న చక్రం బయటి అంచు కిందికి వచ్చేలా. తర్వాత డిరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి ఎల్ కూడా, కప్పీ పెద్ద చక్రం నడిమధ్యకి. కొత్త గేర్ అవుటర్ వేశాను, వైరు బిగించాను.

ఘోరం. ఒక గేరు వేస్తే ఒకటిన్నర గేరు దూకుతోంది. గంటసేపు బారెల్ తిప్పాను. పదకొండున్నరకి మా ఆవిడ టార్చ్ వేసి "ఈ గాడి ఇటుంటే నువ్వు వైరు అటు పెట్టావేంటి" అంది. నిజమే, బోల్టు కింద వైరు కోసం సన్నటి గాడి ఉంది, నేను అవతలి వైపు నుంచి పోనిచ్చాను.

డాలస్_గేరు

చెల్లెమ్మకి దండం. బోల్టుకి తప్పు వైపు నుంచి పోతే లాగే దూరం లెక్కే మారిపోతుంది, ఎంత తిప్పినా కలవదు. ఇప్పుడెలా ఉంది?

రెండో_గేరు (హైదరాబాద్)

ఏడింటిలో ఆరు వెన్నలా పడుతున్నాయి. రెండు నుంచి ఒకటికి మాత్రం గొణుగుతోంది. ఒకటికి సరిచేస్తే ఆరు, ఏడు చెడుతున్నాయి.

పానా_పట్టినోడు (విజయవాడ)

ఒక కొస సరిచేస్తే ఇంకో కొస చెడుతుందంటే వైరు కాదండి, హ్యాంగర్ వంగింది. డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చెవి లాంటి ముక్క. సైకిల్ ఎప్పుడైనా కుడివైపు పడిందా? బస్సు డిక్కీలో వేశారా?

రెండో_గేరు (హైదరాబాద్)

పోయిన సంక్రాంతికి బస్సులో వేసి ఊరు తీసుకెళ్ళాను. సూట్‌కేసుల కింద.

సింహాచలం_ఘాట్ (విశాఖ)

ఇది కూడా ఇంట్లో చేయొచ్చు! డిరైలర్ విప్పేసి, ఆ రంధ్రంలోకి వేరే సైకిల్ వెనక చక్రం ఇరుసు ఎక్కించండి. నట్ల ఇరుసు 10 మిల్లీమీటర్లది, దాని మర చుట్ల మధ్య దూరం 1 మిల్లీమీటరైతే సరిగ్గా పడుతుంది. అప్పుడు రెండు చక్రాలూ పక్కపక్కన ఉంటాయి, వాటి మధ్య ఎడం నాలుగు వైపులా స్కేలుతో కొలిస్తే వంకర ఎటో కనిపిస్తుంది.

పానా_పట్టినోడు (విజయవాడ)

కొలవడం వరకు సరే. వంచడం మాత్రం వద్దు. అల్యూమినియం హ్యాంగర్ రెండోసారి వంచితే చేతిలోకి వస్తుంది. ఫ్రేమ్‌తో కలిసిపోయిన రకమైతే ఫ్రేమే పోతుంది. ఇక్కడ షాపుకి వెళ్ళండి, నేను చెప్పానని కాదు.

గండిపేట_గాలి

ఫ్రిక్షన్ లివర్‌కి ఈ బాధ

డాలస్_గేరు

వద్దన్నా 😀

రెండో_గేరు (హైదరాబాద్)

వెళ్ళాను, ఈసారి వేరే షాపు. హ్యాంగర్ వంకర కొలిచే గేజి ఉందా అని అడిగితే ఆ పెద్దాయన నా వైపు జాలిగా చూసి, డిరైలర్ బోల్టులో అలెన్ కీ దూర్చి, ఒక కన్ను మూసి, వెనక నుంచి చూసి మెల్లగా ఒక్క లాగు లాగారు. పది సెకన్లు. 50 రూపాయలు. ఏడు గేర్లూ పడుతున్నాయి.

ఒక్క సందేహం. ముందు పెద్ద చక్రం మీదికి చైను ఎక్కడానికి ఇబ్బంది పడుతోంది. ముందు డిరైలర్ కూడా ముట్టుకోవచ్చా?

సింహాచలం_ఘాట్ (విశాఖ)

తప్పకుండా! మొదట ముందు డిరైలర్‌లో చైను దూరే పంజరం ఎత్తు చూడండి, పెద్ద చక్రం పళ్ళకీ దానికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్లు, బయటి రేకు చక్రానికి సమాంతరంగా.

పానా_పట్టినోడు (విజయవాడ)

వద్దండి. ముందుది మాత్రం వద్దు.

రెండో_గేరు (హైదరాబాద్)

మా ఆవిడ అప్పుడే తాడు తెచ్చింది.