వచ్చే వారం వాన ఉందా? మక్కలు ఇంకా కళ్లంలోనే ఉన్నాయి

ఆర్మూర్ రైతు (శుక్రవారం)
మూడెకరాల మక్క. కంకులు విరిచి నాలుగు రోజులైంది. పొద్దున గింజ కొరికి చూస్తే పన్ను దిగుతోంది, ఇంకా ఆరలేదు. ఉత్తర కార్తె వెళ్లిపోతోంది, ఎల్లుండి హస్త. ఫోన్‌లో ఒక యాప్ బుధవారం నుంచి నాలుగు రోజులు వాన అంటోంది, ఇంకోటి ఎండ బొమ్మ చూపిస్తోంది. పోయినేడు ఇలాగే ఎండ బొమ్మను నమ్మి పడుకుంటే రాత్రి రెండింటికి వాన కొట్టింది. పైన తాటిపత్రి కప్పినా కింద నుంచి నీళ్లు పారి అడుగు కంకులకు మొలకలొచ్చాయి. గింజ ఒలిచే మిషన్ ఆయన మంగళవారం వస్తానంటున్నాడు. పట్టించాలా, ఆగాలా?

జగిత్యాల నుంచి
బొమ్మలు చూసి టెన్షన్ పడకండి, వాతావరణ శాఖ బులెటిన్‌లో మాటలు చదవండి. 'ఒకటి రెండు చోట్ల' అంటే వాన కొలిచే కేంద్రాల్లో పావువంతుకు మించి తడవవని. 'భారీ' అని రాశారంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన. అది చూస్తే మాత్రం ఆలోచించొద్దు, ఎత్తేయండి. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో పంటల సలహా తెలుగులోనే వస్తుంది. నేనైతే మొదటి మూడు రోజులే నమ్ముతా. ఐదో రోజు తర్వాత మాట రోజూ మారుతుంది.

శ్రీకాకుళం నుంచి
బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట ఉందేమో చూడండి. సముద్రం మీకు దూరమే, కానీ 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను మా కళింగపట్నం దగ్గర తీరం దాటి, బలహీనపడ్డాక కూడా తెలంగాణను తడిపేసే పోయింది. మాకు గాలి, మీకు నీళ్లు.

కోరుట్ల నుంచి
తమ్ముడూ, పచ్చి మీద పట్టిస్తే గింజ పగులుతుంది, మార్కెట్‌లో తేమ 14 శాతం దాటితే ధరలో కోత పెడతారు. ఈ రెండు రోజుల ఎండ వదలకు. పల్చగా పరిచి తిరగెయ్యి. రాత్రి కుప్ప చేసి చుట్టూ జానెడు లోతు కాలువ తియ్యి. పోయినేడు నువ్వు తియ్యనిది అదే. ఎండ రాగానే తాటిపత్రి తీసెయ్యి, లేకుంటే ఆవిరి పట్టి బూజు వస్తుంది.

ఆర్మూర్ రైతు (బుధవారం)
అన్నా, కాలువ తీశాం. శని, ఆదివారాలు మంచి ఎండ కాసింది, రోజుకు మూడుసార్లు తిరగేశాం, మా అమ్మ కాళ్లతోనే. సోమవారం బులెటిన్‌లో అల్పపీడనం మాట కనబడింది. మిషన్ ఆయన్ని బతిమాలి ఆ రాత్రే పట్టించా, లైటుకు నూట యాభై ఎక్కువ తీసుకున్నాడు. గింజ కొన్నిచోట్ల పగిలింది, అబద్ధమెందుకు. ఇప్పుడు ముసురు పట్టింది. బస్తాలన్నీ గదిలో, నా మంచం వసారాలో.