సమస్యాపూరణం: “మాట మార్చువాఁడె మాన్యుఁ డయ్యె”

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. ప్రస్తావన అలెక్స్ జోన్స్, టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి కుట్ర కథలు ప్రసారం చేసే అమెరికన్. 2017లో పిల్లల సంరక్షణ దావాలో ఆయన న్యాయవాది, ప్రసారంలో కనిపించేది ఒక పాత్రేనని వాదించాడు. ఆయనేమో చెప్పేదంతా నమ్మే చెబుతున్నానన్నాడు. ఎవరిని నమ్మాలో మీరే తేల్చుకోండి.

మొదటి పూరణ

మైకు ముందు బొంకు, మఱి కోర్టు బోనులో
నిజమె యనుచు నొప్పు నేర్పు తోడ
మరల మైకు దొరుక మందుసీసా లమ్ము
మాట మార్చువాఁడె మాన్యుఁ డయ్యె

వ్యాఖ్య: 2012 డిసెంబరు 14న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. అదంతా నాటకమని ఏళ్ల తరబడి చెప్పినవాడు 2022 ఆగస్టులో కోర్టులో నూటికి నూరు శాతం నిజమన్నాడు. మందుసీసాలు బాగా పడ్డాయి. ఆ ప్రసారాల మధ్య పోషక మాత్రల అమ్మకం జోరుగా సాగేది. అయితే ఇంత దోషం చూపాక మాన్యుడు ఎవరికి?

— శ్రోతలకు అని స్ఫురించదా గురువుగారూ?

— స్ఫురిస్తుంది. పద్యంలో లేదు.

రెండవ పూరణ

నాయకు నొకనాఁడు నెత్తిపై మోయును
ఏడ్చి తిట్టు మరల నెత్తుకొనును
అడుగువారు లేని యా శ్రోతృ సభలోన
మాట మార్చువాఁడె మాన్యుఁ డయ్యె

వ్యాఖ్య: మూడో పాదంతో సమస్య చక్కగా విడిపోయింది. ట్రంప్‌ను మోసి, 2018 ఏప్రిల్‌లో సిరియాపై దాడులు జరగగానే కంటతడితో తిట్టి, మళ్లీ ఆయన పక్షాన చేరిన వైనం రెండు పాదాల్లో ఇమిడింది. కానీ మొదటి పాదంలో యతి తప్పింది, నా–నె కుదరదు. “నడినెత్తి నుంచును” అంటే సరి.

మూడవ పూరణ

సాక్ష్య మెదుట నిలువ సత్యమ్ము తెలియంగ
బింక ముడిగి యొప్పి బిడియ పడక
నిన్న తాను పలికి నిలిపిన యా తప్పు
మాట మార్చువాఁడె మాన్యుఁ డయ్యె

వ్యాఖ్య: “తప్పు”ను మూడో పాదం చివర ఉంచి సమస్యను తలకిందులు చేశారు. భేష్!

— అలాగైతే, కోర్టులో ఒప్పుకున్న జోన్స్ కూడా మాన్యుడే కదండీ?

— మొదటి పాదం మళ్లీ చదవండి. సాక్ష్యం 2012 నుంచీ ఎదుటే ఉంది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులూ ఎదుటే ఉన్నారు; వాళ్లను నటులన్నారు. ఒప్పుకోలు వచ్చింది వాళ్లు టెక్సస్‌లో వేసిన దావాలో, పరిహారం తేల్చే విచారణలో. అక్కడి జ్యూరీ 4.93 కోట్ల డాలర్లు, 2022 అక్టోబరులో కనెక్టికట్ జ్యూరీ 96.5 కోట్ల డాలర్లు చెల్లించమన్నాయి. ఇక “బింక ముడిగి” సంగతి. 2019లో ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో, అన్నీ కుట్రలుగా తోచడం ఒక విధమైన మనోవికారమని చెప్పి, నెపం దాని మీదికి నెట్టాడు. ఈ పద్యంలో ఆయనకు చోటు లేదు.

“నిలిపిన యా” దగ్గర యడాగమం (రెండు అచ్చుల నడుమ ‘య’ చేరడం) సాధువే. సందేహం అడిగిన మిత్రులకు అదే జవాబు.